దర్జీ గారి కారు ఎందుకు అరిచింది

బండ్లలో కరెంటు పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ల్యాప్‌టాప్ తగిలించగానే బండి తన జబ్బేమిటో తానే చెప్పుకొనే కాలం వీళ్లది. దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నా రోజుల్లో అది మా వర్క్‌షాపుకు వచ్చి ఉంటే నేనూ హాయిగా వాడుకునేవాణ్ణి. కానీ ఏ యంత్రానికీ అందని జబ్బు ఒకటి ఒకసారి నా చేతికి వచ్చింది. దాన్ని కనిపెట్టింది నేనే అని గొప్పగా చెప్పుకుందామంటే ఆ వీలు కూడా లేదు. ఇక్కడి పిల్లలు తెలుగు మాట్లాడినంత బాగా చదవలేరు కాబట్టి ఇన్నాళ్లూ ఈ సంగతి నోటితోనే చెప్తూ వచ్చాను. ఇప్పుడు రాసి పెడుతున్నాను. చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు వినిపించండి.

నేను పుట్టి పెరిగింది పోర్ట్‌బ్లెయిర్‌లోనే. హాడోలో రేవుకు ఎగువన ఉన్న ఒక ప్రైవేటు వర్క్‌షాపులో ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఈ ఊరి ఉప్పుగాలి వైర్లను తినేస్తూ ఉంటుంది. అందుకని నాకు ఖాళీ అన్నది ఎప్పుడూ దొరకలేదు. ఇంజిన్ పని చూసే పెద్ద మెకానిక్‌ను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. రాంచీ వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. ఆయన ఇక్కడే పుట్టి, మాతో తిరిగి మా తెలుగు పట్టేశాడు. ఇంజిన్ ఆయనది, వైర్లు నావి. ఏ బండి స్టార్ట్ కాకపోయినా తప్పు నీదంటే నీదని ఇద్దరం పొద్దున్నే ఒక వాదన వేసుకుని, తర్వాత టీ తాగి పని మొదలుపెట్టేవాళ్లం.

ఒక ఏడాది వానలు అప్పుడే పట్టుకున్నాయి. సెలవులు ముగిసి బడులు తెరిచే రోజులు. గోల్ ఘర్‌లో యూనిఫాంలు కుట్టే దర్జీ గారు తన పాత కారు తీసుకుని వర్క్‌షాపుకు వచ్చారు. బదిలీ మీద మెయిన్‌ల్యాండ్ వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర కొన్న కారు అది. తయారైనప్పుడే కంపెనీవాళ్లు అలారం బిగించి ఇచ్చిన రకం. బండిని ఎవరైనా దొంగతనంగా తెరిచారని దానికి తోచిందంటే హారన్‌తో గోల చేస్తుంది, లైట్లు ఆర్పి వెలిగిస్తుంది, స్టార్టర్‌కు కరెంటు వదలకుండా బిగబట్టుకుంటుంది. దొంగల విషయంలో అది బాగానే పని చేస్తుంది. ఇక్కడ యజమానికే వచ్చింది కష్టం.

ఆ యజమానికి వినపడదు. పెళ్లయిన కొత్తలో వచ్చిన ఒక జ్వరం ఆయన రెండు చెవులనూ తీసుకుపోయింది. మాట మాత్రం పోలేదు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి దుకాణంలో ఉన్నా రేవులో ఉన్నా ఒకే స్థాయిలో, గట్టిగా మాట్లాడతారు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటారు. నన్ను చూడగానే ఆయన అన్న మొదటి మాట ఇది:

"మిస్త్రీ భయ్యా, మీ మీసం అడ్డొస్తంది. కొంచెం కత్తిరిస్తే మీరేటి సెప్తన్నారో నాకు తెలుస్తాది."

ఉస్తాద్ చేతిలో స్పానరు కింద పడేసి మరీ నవ్వాడు. నేను మీసం తీయలేదు గానీ, మాట్లాడేటప్పుడు వేళ్లతో పైకి తోసుకోవడం అలవాటు చేసుకున్నాను.

వినపడనివాళ్లకు కూడా బండి నడపడానికి లైసెన్సు ఇవ్వవచ్చన్న సంగతి తెలిసిన రోజు నుంచి ఆయన రవాణా ఆఫీసు చుట్టూ తిరిగి, పరీక్ష ఇచ్చి, లైసెన్సు తెచ్చుకున్నారు. కారుకు అదనంగా రెండు అద్దాలు పెట్టించుకున్నారు. వెనక గాజు మీద "డ్రైవర్‌కు వినపడదు" అని హిందీలో, ఇంగ్లీషులో రాయించారు. ఆ కారు వచ్చాకే ఊరికి దూరంగా ఉన్న బడుల పని ఆయన చేతికి వచ్చింది. భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే బయల్దేరి, పిల్లల కొలతలు తీసుకుని, సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్లు. కారు లేకపోతే ఆ పని లేదు.

"వానొస్తే స్టార్ట్ అవదు భయ్యా," అంది ఆయన భార్య. ఆవిడ చేతిలో ఎప్పుడూ గొడుగు, మాటలో ఎప్పుడూ కొంచెం పులుపు ఉండేవి. "స్టార్ట్ అవదు, పైగా కూస్తాది. పగలు, రేయి, దాని ఇష్టం. గల్లీ అంతా తంగ్ అయిపోతన్నారు, ఎవులికీ నిద్ర లేదు. ఈయనకు సెప్తే నమ్మరు."

"నమ్మను," అన్నారు దర్జీ గారు ఆవిడ పెదాలు చూసి. "కొంచెం కూస్తాది కాబోలు. దానికి ఇంత గొడవా? సెవిటోడు బండి తోలడం ఈళ్లకు ఇష్టం లేదు. నువ్వూ ఆళ్లతో కలిసిపోయేవు."

గల్లీలో ఒకరు మొబైల్లో వీడియో తీసి ఆయనకు చూపించారట. ఆయనకు అందులో ఏం కనపడుతుంది? లైట్లు మినుకుమంటూ కనపడ్డాయి. లైట్లు వెలిగితే మీకేం నష్టం అని అడిగారట.

స్టార్ట్ కానప్పుడు ఏం చేస్తున్నారని నేను అడిగాను. గల్లీ వాలులో కిందికి తోస్తున్నామని, రోడ్డు మీదికి రాగానే స్టార్ట్ అవుతోందని చెప్పారు. తోస్తే స్టార్ట్ అవుతోందంటే బ్యాటరీ నీరసంగా ఉందన్నమాట. అలా అనుకుని బ్యాటరీ మార్చాను. అది నా మొదటి నిర్ణయం, తప్పు నిర్ణయం. వానవల్ల తడి చేరుతోందేమోనని కనెక్షన్లన్నీ విప్పి, తుడిచి, ఆరబెట్టి బిగించాను. తలుపుల దగ్గర, డిక్కీ దగ్గర, బానెట్ కింద ఉండే స్విచ్‌లన్నీ చూశాను. మూత తెరిచి ఉందో మూసి ఉందో అలారానికి చెప్పేవి ఆ చిన్న స్విచ్‌లే. బానెట్ ఎత్తి, దాని స్విచ్‌ను వేలితో నొక్కితే డ్యాష్‌బోర్డు మీది ఎర్రలైటు ఆరింది, వదిలితే వెలిగింది. బ్రహ్మాండంగా పని చేస్తోందని దాన్ని నా లెక్కలోంచి తీసేశాను.

వర్క్‌షాపులో ఉన్నంతసేపూ ఆ కారు ఎంతో మర్యాదగా ఉండేది. నీళ్ల గొట్టం పెట్టి తడిపినా కిక్కురుమనేది కాదు. ఇంటికి వెళ్లి, వాన పడిందంటే మళ్లీ మొదలు.

"అలారం తీసి పారేయ్. దేనికది? ఈ డబ్బాను ఎవడు ఎత్తుకుపోతాడు?" అన్నాడు ఉస్తాద్.

"కంపెనీవాళ్లు బిగించింది ఉస్తాద్. స్టార్టర్ వైరు దాని లోంచే పోతుంది. తీస్తే బండి లేవదు."

"నువ్వు తీసి చూశావా?"

తీసి చూశాను. బండి లేవలేదు. దాన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టి, బండి లేచేలా చేసేసరికి సాయంత్రమైంది. ఉస్తాద్ ఆ పూటంతా నా వైపు రాకుండా ఒక లారీ కింద దూరి పడుకున్నాడు.

ఈలోగా గల్లీలో సంగతి ముదిరింది. దర్జీ గారి ఇల్లు జంగ్లీఘాట్‌లో, ఎత్తుకు ఎక్కే ఒక ఇరుకు గల్లీలో ఉంది. ఎదురింట్లో ఉండేది ఒక రిటైర్డ్ సెరాంగ్ గారు. సెరాంగ్ అంటే బోటు మీద సిబ్బందికి పెద్ద. దీవుల మధ్య తిరిగే బోట్ల మీద జీవితమంతా పని చేసి దిగిన మనిషి. ఆయన తల్లికి బాగా పెద్ద వయసు, మంచం దిగదు. ముసలామె ఎలాగోలా కునుకు తీసేసరికి ఎదురుగా కారు కూత. ఉలిక్కిపడి లేచి ఓడ మునుగుతోందని ఏడ్చేదట. కొడుకు ఓడ మీద ఉన్నాడనే ఆమె ఇంకా అనుకుంటోంది. సెరాంగ్ గారు మొదట దర్జీ గారికి నోటితో చెప్పారు, తర్వాత సైగలతో చెప్పారు, ఆ తర్వాత కేకలు వేశారు. కేకలు ఎవరికి వినపడాలి? చివరికి రవాణా ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చారు. ఆ ఫిర్యాదులో కారు గోలతో ఆగలేదు. వినపడని మనిషికి లైసెన్సు ఇవ్వడం గల్లీ పిల్లలకు ప్రమాదమని, దాన్ని రద్దు చేయాలని కూడా రాశారు.

ఆఫీసు నుంచి ఇద్దరికీ పిలుపు వచ్చింది. దర్జీ గారు కారుతో సహా రావాలి. సెరాంగ్ గారు వచ్చి తన మాట చెప్పాలి.

దర్జీ గారి భార్య వచ్చి నాకు ఈ సంగతి చెప్పినప్పుడు మాటలో పులుపేమీ లేదు.

"లైసెన్సు పోతే ఈయన మళ్లా దుకాణంలో కూసుండిపోతారు భయ్యా," అంది. "సెవులు పోయిన కొత్తలో అలాగే కూసున్నారు. గోడ వైపు తిరిగి. కుట్టుమిషను తొక్కడం, తినడం, పడుకోవడం. కారు వచ్చాకే మళ్లా మనిషయ్యేరు."

పిలిచిన రోజు పొద్దున్న సన్నగా వాన. నేను ఇంకా ఇంట్లోనే ఉన్నాను. ఫోను మోగింది. ఎత్తితే ముందు వినపడింది మనిషి గొంతు కాదు, కారు కూత. దాని వెనక ఆవిడ "జల్దీ రండి భయ్యా" అని అరుస్తోంది. పరికరాల సంచీ స్కూటరు ముందు పెట్టుకుని జంగ్లీఘాట్ వెళ్లాను. ఇన్నిసార్లు ఆ కారు బాగుచేశాను గానీ, అది నిలబడే చోటుకు వెళ్లడం నాకు అదే మొదటిసారి.

గల్లీ కింది భాగంలో నీళ్ల పైపు కోసం తవ్విన గొయ్యి ఉంది. అంటే తోసుకుంటూ దిగడానికి లేదు. ఎక్కితే పైకే ఎక్కాలి, అందుకు ఇంజిన్ కావాలి. కారు గోడకు ఆనుకుని ఉంది. దర్జీ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని లోపల స్టీరింగ్ ముందు కూర్చుని, డ్యాష్‌బోర్డు మీది ఎర్రలైటు వైపే చూస్తున్నారు. కారు కొంతసేపు కూసి, ఊపిరి పీల్చుకున్నట్టు ఆగి, మళ్లీ కూస్తోంది. ఆ కూతలో నా బుర్ర పని చేయలేదు. బానెట్ ఎత్తి చూశాను, మూశాను, మళ్లీ ఎత్తి బ్యాటరీ తీగ తీశాను, పెట్టాను. ఆవిడ నా మీద, బ్యాటరీ మీద గొడుగు పడుతూ నిలబడింది. పెట్టి, బానెట్ మూసినా మళ్లీ కూత. కిటికీల్లో జనం. ప్రశాంతంగా ఉన్నది దర్జీ గారొక్కరే.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. సెరాంగ్ గారు కూడా ఆఫీసుకు వెళ్లడానికి తయారై ఉన్నారు. నెత్తిన తువ్వాలు వేసుకుని నేరుగా నా మీదికి వచ్చారు.

"ఏయ్ మిస్త్రీ, బంద్ చెయ్! మాయమ్మ లేసి ఏడస్తంది! నీకు రాకపోతే రాదని సెప్పు, నేనే సుత్తి తెచ్చి బద్దలు కొడతాను!"

ఆ కోపంలో అరచెయ్యి బానెట్ మూల మీద ఠపీమని వేసి, ఒళ్లంతా దాని మీద ఆనించి నా మొహంలోకి వంగారు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. కూత ఆగింది. మళ్లీ అందుకుంటుంది కదా అని ముగ్గురం మొహాలు చిట్లించుకుని ఎదురుచూశాం. అందుకోలేదు. వాన చప్పుడు వినపడింది.

లోపలి నుంచి దర్జీ గారి గొంతు, గల్లీ అదిరేలా: "లైటు ఆరిపోనాది! ఎవరేటి సేసేరు?"

"నేనేటీ సెయ్యలేదు," అని సెరాంగ్ గారు దొంగతనం అంటగట్టినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"మళ్లా ఎలిగింది!" అన్నారు లోపల దర్జీ గారు. కూత అందుకుంది.

నేను సెరాంగ్ గారి మణికట్టు పట్టుకుని, ఆ చెయ్యి తీసుకెళ్లి మళ్లీ అదే మూల పెట్టాను.

"నొక్కి పట్టండి. వదలకండి."

"నేనా? ఈ బండినా?"

"మీరే. గట్టిగా."

లైటు ఆరింది. నేను కిటికీ దగ్గరికి పరుగెత్తి, మీసం పైకి తోసుకుని, తాళం తిప్పమని దర్జీ గారికి చెప్పాను. ఆయన తిప్పారు. ఇంజిన్ లేచింది. దాని అదురు చేతికి తెలిసి ఆయన మొహం విప్పారింది. బయట సెరాంగ్ గారు వానలో తడుస్తూ, ఏ కారును తన గల్లీలోంచి పంపించేయాలని ఫిర్యాదు రాశారో ఆ కారు మూల నొక్కి పట్టుకుని నిలబడ్డారు.

అప్పుడు నేను వెనక్కి నాలుగడుగులు వేసి, కారు నిలబడ్డ తీరు చూశాను. ముందు ఎడమ చక్రం ఒక్కటే మురికి కాలువ మీది రాతి పలక ఎక్కి ఉంది. తక్కిన మూడూ వాలులో ఉన్నాయి.

"ఎప్పుడూ ఇలాగే పెడతారా?" అని ఆవిడను అడిగాను.

"వానప్పుడే భయ్యా. వానొస్తే గల్లీ ఆ పక్కంతా నీళ్లు పారతాయి కదా. జనానికి నడవడానికి ఈ పక్క జాగా ఉండాలని గోడకు ఆనించి పైకెక్కిస్తారు."

సంగతి అంతే. పాత కారు, ఉప్పుగాలికి తుప్పు తిన్న ఒళ్లు. ఒక చక్రం ఎత్తు మీద పెడితే ఒళ్లు కొద్దిగా మెలి తిరుగుతుంది, బానెట్ ఆ మూల వెంట్రుకవాసి లేస్తుంది. దాని కింద స్విచ్‌ను పట్టుకున్న రేకు ఎప్పుడో దెబ్బ తగిలి కిందికి వంగి ఉంది. బానెట్ దాన్ని అందీ అందనట్టు తాకుతోంది. చదును నేల మీద అందుతుంది, ఇక్కడ అందదు. బానెట్ తెరిచారనుకుని అలారం కూస్తుంది, స్టార్టర్‌ను ఆపేస్తుంది. తోస్తే స్టార్ట్ అయింది బ్యాటరీవల్ల కాదు, చక్రం పలక దిగడంవల్ల. నేను వర్క్‌షాపులో వేలితో నొక్కిన నొక్కుడు ఆ బానెట్ ఎన్నడూ నొక్కలేదు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క మాట. బండి ఎలా ఉందని అడుగుతాం, ఎప్పుడు చెడిందని అడుగుతాం. ఎక్కడ పెడతారని నేను ఆ ముందు ఎవరినీ అడిగి ఎరగను. మెరక, పల్లం తప్ప చదును లేని ఊళ్లో బతుకుతూ చదును నేల మీద పరీక్షలు చేశాను. మీ ల్యాప్‌టాప్ కూడా బానెట్ తెరిచి ఉందనే చెప్పేది. మూసి ఉన్న బానెట్‌ను కళ్లారా చూస్తూ, మీరు కొత్త అలారానికి మెయిన్‌ల్యాండ్‌కు ఆర్డరు పెట్టేవాళ్లు.

సెరాంగ్ గారిని కాస్త తప్పుకోమని, బానెట్ ఎత్తి, అది కూస్తుండగానే పట్టకారుతో ఆ రేకును మెల్లగా పైకి వంచాను. తుప్పుకు విరుగుతుందేమోనని ఒక్కో వంపుకూ ఆగి చూశాను. విరగలేదు. బానెట్ మూసి, సెరాంగ్ గారిని మళ్లీ మూల నొక్కమని, తర్వాత చెయ్యి తీయమన్నాను. ఆయన నమ్మకం లేక ఒక్కో వేలూ తీశారు. లైటు వెలగలేదు, కారు కూయలేదు. కిటికీల్లో ఎవరో చప్పట్లు కొట్టారు.

అప్పటికి ఆఫీసుకు పిలిచిన వేళ దాటిపోతోంది. సెరాంగ్ గారు ఆటో కోసం ఫోను చేస్తుంటే, కింద గొయ్యి ఉంది రానని ఆటోవాడు అంటున్నాడు.

ఆవిడ కారు ముందు తలుపు తీసి పట్టుకుంది. "ఎక్కండి సెరాంగ్ గారూ. మామీద కంప్లైంటు మా బండిలోనే వచ్చి సెప్పండి. వానలో తడిసి జ్వరం తెచ్చుకుంటే అమ్మను ఎవరు సూస్తారు?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. మొహం మీద తడి పోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నారు. తర్వాత ఎక్కారు. కారు మళ్లీ కూస్తే చూడటానికి నేనూ ఆవిడతో వెనక కూర్చున్నాను. తోవ పొడుగునా సెరాంగ్ గారు దర్జీ గారి కళ్లనే గమనిస్తూ వచ్చారు. ఆ కళ్లు ఒక్క చోట నిలిచేవి కావు; ముందుకు, ఒక అద్దం, ఇంకో అద్దం, మళ్లీ ముందుకు. ఒక మలుపులో దర్జీ గారు ఉన్నట్టుండి పక్కకు తీసి ఆపారు. ఎందుకాపారో మాకు అర్థమయ్యేలోపు వెనక నుంచి ఒక అంబులెన్సు వచ్చి మమ్మల్ని దాటి వెళ్లింది. ఆయన దాన్ని అద్దంలో, మేము విన్నదానికంటే ముందే చూశారు. సెరాంగ్ గారు తల తిప్పి కిటికీ బయటికి చూడటం మొదలుపెట్టారు.

ఆఫీసులో ఉన్నది ఒక యువ అధికారిణి. దర్జీ గారిని కూర్చోబెట్టి కారు ముందుకు, వెనక్కి, ఆవరణ చుట్టూ నడిపించి చూసింది. అద్దాలు చూసింది, లైసెన్సు తీసుకుని చూసింది. తర్వాత సెరాంగ్ గారిని పిలిచి, ఫిర్యాదు కాగితం ముందు పెట్టుకుని, "బోలియే" అంది.

ఆయన నిలబడి, బోటు మీద పైవాళ్లతో మాట్లాడినట్టు, చేతులు రెండూ వెనక కట్టుకుని చెప్పారు.

"మేడమ్, ఇందులో రెండు మాటలు రాశాను. బండి గోల చేస్తాదన్నది సచ్ బాత్, నిజమే. మాయమ్మకు నిద్ర లేదు. ఇవాళ పొద్దున్న వరకూ చేసింది. ఆ మాట ఉంచండి. ఈయన బండి తోలితే ప్రమాదమని రాసిన మాట కొట్టేయండి. అది నేను సూడకుండా రాశాను. ఇప్పుడు సూశాను."

"ఎప్పుడు చూశారు?"

"ఇప్పుడే మేడమ్. ఆ బండిలోనే వచ్చాను."

అధికారిణి కాగితం మీంచి తలెత్తి మా అందరినీ ఒకసారి చూసింది. నవ్వు ఆపుకోవడానికి నీళ్ల గ్లాసు అందుకుంది. బండి బాగయినట్టు వర్క్‌షాపు తరఫున నన్ను సంతకం చేయమని, లైసెన్సు దర్జీ గారి చేతికి తిరిగి ఇచ్చేసింది.

బయటికి వచ్చేసరికి వాన తెరిపిచ్చింది. ఆవరణలో లైసెన్సుల కోసం వచ్చిన జనం వరసగా నిలబడి ఉన్నారు. దర్జీ గారు కారు దగ్గర ఆగి, సెరాంగ్ గారి భుజం తట్టి, తనదైన ఆ పెద్ద గొంతుతో అడిగారు:

"సెరాంగ్ గారూ, నిజం సెప్పండి. ఇది ఎలా కూసేది?"

"ఏటి?"

"కూత. అది ఎలాగుంటాది? నాకు ఎవులూ సూపించలేదు. ఈ భయ్యాకు మీసం అడ్డు. మీరు సేసి సూపించండి."

సెరాంగ్ గారు అటూ ఇటూ చూశారు. వరసలో జనం ఉన్నారు. ఇంజిన్ల హోరు మీద కేకలు వేసి బతికిన మనిషి, తల్లి నిద్ర కోసం ఎన్నో రోజులుగా గొంతు తగ్గించుకుని ఉన్న మనిషి, తువ్వాలు భుజాన వేసుకుని, ఛాతీ నిండా గాలి పీల్చుకుని నోరు తెరిచారు. దవడలు సాగి, మెడ నరాలు తేలి, కళ్లు బయటికి వచ్చాయి. కారు కూత ఆయన గొంతులోంచి అచ్చుగుద్దినట్టు వచ్చింది. వరసలో ఒక పెద్దాయన చేతిలో ఫైలు జారవిడిచాడు. లోపలి నుంచి ప్యూను పరుగెత్తుకొచ్చాడు. సెరాంగ్ గారు ఆపి, ఊపిరి పీల్చుకుని, కారు చేసినట్టే మళ్లీ అందుకున్నారు.

దర్జీ గారు ఆ నోటి వైపే రెప్ప వేయకుండా చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. కారుకు ఆనుకుని, పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"అంత ఘోరంగానా? నేనైతే ఎప్పుడో కంప్లైంటు రాసుందును!"

నవ్వు ఆగాక భార్య వైపు తిరిగారు. ఆయన గొంతు తగ్గడం నేను విన్నది ఆ ఒక్కసారే. ఎలా తగ్గించారో, ఎంత తగ్గిందో ఆయనకెలా తెలిసిందో నాకు తెలియదు.

"ఇన్నాళ్లూ నువ్వు సెప్పింది ఇదేనా?"

ఆవిడ అవునని తలూపింది. గొడుగు మడిచి వెనక తలుపు తీసింది. నేను ఆవిడ పక్కన ఎక్కాను. సెరాంగ్ గారు ఎవరూ పిలవకుండానే ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు.